ముగ్గురినీ ‘పీఎం’ అనే అంటారు, మీకు తగిన కుర్చీ ఏది?

ప్రశ్న: హైదరాబాద్‌లోని ఒక ఐటీ సర్వీసెస్ కంపెనీలో ఆరేళ్లుగా టెస్టింగ్ చేస్తున్నాను. క్లయింట్ అమెరికాలోని ఆరోగ్య బీమా సంస్థ, మాది క్లెయిముల మాడ్యూల్. ఏడాదిన్నరగా టీమ్‌కు స్క్రమ్ మాస్టర్‌గా కూడా, అంటే పనిని చిన్న విడతలుగా చేసే ‘స్క్రమ్’ పద్ధతి సరిగా సాగేలా చూసే మనిషిగా, ఉంటున్నాను. ఇక మేనేజ్‌మెంట్ వైపు వెళ్లాలనుంది. మా మేనేజర్ పీఎంపీ, అంటే ప్రాజెక్ట్ మేనేజర్ల సర్టిఫికెట్, చెయ్యమంటున్నారు. స్నేహితురాలు ప్రోడక్ట్ మేనేజ్‌మెంట్‌కే గిరాకీ అంటోంది. దానికి రెండున్నర లక్షలకు ఒక ఆన్‌లైన్ కోర్సు ఉంది. మొన్న ఒక రిక్రూటర్ ప్రోగ్రామ్ మేనేజర్ ఉద్యోగం ఉందంటూ ఫోన్ చేశారు. ఈ మూడింటికీ తేడా ఏమిటి? ఏదైనా ఫీచర్ ఎందుకలా పెట్టారో తవ్వి తెలుసుకోవడం నాకిష్టం. తేదీల కోసం అందరి వెంటా పడాలంటే మాత్రం విసుగు. నాకేది సరిపోతుంది?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: మీ ఉత్తరంలో చివరి మాటలే అసలైనవి. ‘ఎందుకు’ అని తవ్వడం ఇష్టం, తేదీల వెంటపడటం విసుగు అంటే మీ మొగ్గు ప్రోడక్ట్ వైపే. అయితే టెస్టింగ్ నుంచి అక్కడికి ఒక్క గంతులో చేరలేరు, రెండున్నర లక్షల కోర్సు ఆ దూరాన్ని తగ్గించదు. ప్రాజెక్ట్, ప్రోడక్ట్, ప్రోగ్రామ్ మేనేజర్లు ముగ్గురినీ పొట్టిగా ‘పీఎం’ అనే అంటారు కాబట్టి, ముందు ఈ మూడు పనుల తేడా స్పష్టం చేసుకుందాం. దానికి సాఫ్ట్‌వేర్ కంపెనీ కంటే ఆర్టీసీ బస్సు మంచి ఉదాహరణ.

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం అమల్లోకి వచ్చింది. కండక్టరు డబ్బు తీసుకోరు కానీ జీరో టికెట్ కొడతారు. ఆ ప్రయాణాల ఖర్చును ప్రభుత్వం ఆర్టీసీకి చెల్లించాలి కాబట్టి టికెట్ కొట్టకపోతే లెక్క లేదు. అక్కడ ఏ అధికారి ఏం చేశారన్నది మనకిప్పుడు అక్కర్లేదు. ఇలాంటి పని ఒక కంపెనీకి అప్పగిస్తే అది ముగ్గురి మధ్య ఎలా చీలుతుందో చూడండి.

కిక్కిరిసిన బస్సులో నిలబడి కండక్టరు ఒక జీరో టికెట్ ఎన్ని సెకన్లలో ఇవ్వగలగాలి? గుర్తింపు కార్డు రకాన్ని మిషన్‌లో నొక్కాలా, చూస్తే చాలా? నలుగురు ఆడవాళ్లు కలిసి ఎక్కితే ఒకే టికెట్టా, నాలుగా? సిగ్నల్ లేని ఊరిలో ఏమవుతుంది? ఈ ప్రశ్నలకు జవాబు వెతికి, ‘ఇది చేద్దాం, ఇది వద్దు’ అని తేల్చేది ప్రోడక్ట్ మేనేజర్. తేల్చాక, టికెట్‌కు పట్టే సమయం నిజంగా తగ్గిందా, తగ్గినా తప్పుడు టికెట్లు పెరిగాయా అని కొలిచేది కూడా ఆ మనిషే.

ఆ తేల్చిన మార్పును అన్ని డిపోల్లోని టికెట్ మిషన్లలోకి ఫలానా తేదీలోగా, ఫలానా ఖర్చులో ఎక్కించడం ప్రాజెక్టు. దానికి మొదలుంటుంది, ముగింపుంటుంది. ఏ డిపోలో ఎన్ని మిషన్లు, రోజుకు ఎన్ని మార్చగలం, ఎన్ని పాడైతే బదులు ఎక్కడినుంచి తేవాలి అన్నవి ప్రాజెక్ట్ మేనేజర్ లెక్కలు. చివరి డిపో కూడా పూర్తయ్యాక సంతకాలు తీసుకుని ఆయన మరో ప్రాజెక్టుకు వెళ్లిపోతాడు.

ఇక మిషన్ల మార్పు, కండక్టర్ల శిక్షణ, పెరిగిన రద్దీకి అదనపు బస్సులు, ప్రభుత్వానికి పంపాల్సిన లెక్కలు, ఫిర్యాదుల నంబరు: ఇవి వేర్వేరు ప్రాజెక్టులు, వేర్వేరు మనుషులవి. ఒక్కోటీ విడిగా విజయవంతమైనా, శిక్షణ వారం ఆలస్యమై మిషన్లు ముందే మారితే బస్సులో గొడవే. వీటిని ఒకదానికొకటి కట్టి, అన్నీ కలిసి అనుకున్న మేలు ఇచ్చేలా చూడటం ప్రోగ్రామ్ మేనేజర్ పని.

గుర్తుపట్టడానికి ఒక పరీక్ష ఉంది. పని తేదీకి అయింది, బడ్జెట్ దాటలేదు, కానీ ఎవరూ వాడట్లేదు. అప్పుడు గదిలోకి పిలిచి అడిగేది ప్రోడక్ట్ మేనేజర్‌ను. అందరికీ కావలసిన వస్తువే, మూడు నెలలు ఆలస్యమైంది. అప్పుడు ప్రాజెక్ట్ మేనేజర్‌ను. ప్రతి టీమూ ‘మా వంతు అయిపోయింది’ అంటోంది, కలిపి చూస్తే పనిచెయ్యట్లేదు. అప్పుడు ప్రోగ్రామ్ మేనేజర్‌ను. ఏ తిట్లు తినడానికి మీరు సిద్ధమో తేల్చుకుంటే సగం స్పష్టత వస్తుంది.

ప్రాజెక్ట్ మేనేజర్ రోజువారీ పని మీకు దగ్గర నుంచి తెలుసు కానీ దాని వెనక లెక్క టీమ్‌లో చాలామందికి కనిపించదు. ఉదాహరణకు 50 లక్షల ప్రాజెక్టు అనుకోండి. ఈ రోజుకు 20 లక్షల విలువైన పని అయ్యుండాలి. నిజంగా అయింది 16 లక్షల విలువైనది. ఖర్చు 22 లక్షలు. 16ను 20తో భాగిస్తే 0.8, అంటే షెడ్యూలు వెనకబడింది. 16ను 22తో భాగిస్తే సుమారు 0.73, అంటే రూపాయి పెడితే 73 పైసల పనే జరుగుతోంది. ఇదే తీరు సాగితే 50 లక్షల ప్రాజెక్టు 68.75 లక్షలకు తేలుతుంది. ఈ మాటను క్లయింట్‌కు ఇప్పుడు చెప్పాలా, చివర్లో చెప్పాలా అన్నదే ప్రాజెక్ట్ మేనేజర్ వృత్తి ధర్మం. ఇప్పుడే చెప్పాలి. ప్రాజెక్టులు దెబ్బతినేది ఎక్కువగా మూడు చోట్ల: ‘90 శాతం అయిపోయింది’ అన్న మాట మూడు వారాలు అలాగే ఉండిపోవడం, క్లయింట్ ఫోన్‌లో అడిగిన చిన్న మార్పును రాతలో పెట్టకుండా ఒప్పేసుకోవడం, డెవలప్‌మెంట్ ఆలస్యాన్నంతా టెస్టింగ్ రోజుల్లోంచి కోసెయ్యడం. మూడోదాని బాధ మీకు చెప్పనక్కర్లేదు. మొదటిదానికి మందు సులువు: పనిని రెండు వారాలకు మించని ముక్కలుగా విడగొట్టి, ప్రతి ముక్కకూ సున్నా లేదా వంద, ఈ రెండే మార్కులు వెయ్యడం.

ప్రోగ్రామ్ మేనేజర్ చేతిలో ఉండే ముఖ్యమైన కాగితం డిపెండెన్సీల పట్టిక, అంటే ఒక టీమ్ పని మరో టీమ్ ఇచ్చేదాని మీద ఎక్కడ ఆధారపడిందో చూపేది. ఒక్కో వరుసలో ఇవి ఉండాలి: ఎవరికి కావాలి, ఎవరు ఇవ్వాలి, కచ్చితంగా ఏమిటి, ఏ తేదీకి, ఆలస్యమైతే ఆగేదేమిటి, ఇచ్చే టీమ్ ఒప్పుకుందా లేదా. చివరి గడి ఖాళీగా ఉంటే అది డిపెండెన్సీ కాదు, ఆశ. ‘ఏపీఐ (రెండు సాఫ్ట్‌వేర్లను కలిపే కోడ్) జూన్‌లో ఇస్తాం’ అని ఒక టీమ్ అంటుంది. వాళ్ల ఉద్దేశం జూన్ 30న కోడ్ పూర్తవుతుందని. అవతలి టీమ్ జూన్ 1 నుంచి దాన్ని వాడి పరీక్షించుకోవచ్చని అనుకుంటుంది. ఆ నెల తేడాను ఫిబ్రవరిలోనే పట్టుకునేవాళ్లే మంచి ప్రోగ్రామ్ మేనేజర్లు. ఆ టీముల్లో ఎవరూ వీళ్ల కింద పనిచెయ్యరు, అప్రైజల్ వీళ్ల చేతిలో ఉండదు. పలుకుబడితో, సమాచారంతో నెట్టుకురావాలి. ఇది చేతకాని చోట ఆ ఉద్యోగం అందరి స్టేటస్ రిపోర్టులనూ ఒక పీపీటీలో అతికించడంగా దిగజారుతుంది.

ప్రోడక్ట్ పనిలో తప్పు జరిగేది వేరే చోట. సేల్స్ వాళ్లు అడిగింది, పెద్ద క్లయింట్ అడిగింది, డైరెక్టర్‌కు నచ్చింది వరుసగా బ్యాక్‌లాగ్‌లో (చెయ్యాల్సిన పనుల జాబితాలో) చేర్చి, దానికి రోడ్‌మ్యాప్ అని పేరు పెట్టడం. అడిగిన ప్రతిదాని వెనకా ఒక అసలు ఇబ్బంది ఉంటుంది. అడిగిన రూపంలోనే చేస్తే ఆ ఇబ్బంది తీరకపోవచ్చు. అందుకే వాడేవాళ్లతో మాట్లాడటం, లెక్కలు చూడటం, ‘వద్దు’ అని కారణంతో చెప్పడం ఈ పనికి ప్రాణం. ఈ వృత్తి మూలం కూడా అక్కడే ఉంది. 1931లో అమెరికాలోని ప్రొక్టర్ అండ్ గ్యాంబుల్‌లో కామే సబ్బు ప్రచారం చూస్తున్న నీల్ మెకెల్రాయ్, ఒక్కో బ్రాండ్‌కు పూర్తి బాధ్యత వహించే మనుషులు విడిగా ఉండాలని ఒక మెమో రాశాడు. సబ్బు తయారైందా అని కాదు, ఏ ఊర్లో ఎందుకు అమ్ముడుపోవట్లేదో తెలుసుకుని సరిచెయ్యడం ఆ మనిషి పని. ఈనాటి ప్రోడక్ట్ మేనేజర్ వేళ్లు అందులోనే ఉన్నాయని చెబుతారు.

ఇప్పుడు హోదాల గందరగోళం. సర్వీసెస్ కంపెనీలో ప్రాజెక్ట్ మేనేజర్ అంటే డెలివరీతో పాటు బిల్లింగ్, మనుషుల కేటాయింపు, బెంచ్ (ప్రాజెక్టు లేక ఖాళీగా ఉన్నవాళ్ల) లెక్కలు కూడా. మైక్రోసాఫ్ట్‌లో దశాబ్దాల పాటు ఫీచర్ ఎలా ఉండాలో రాసేవాళ్లను ‘ప్రోగ్రామ్ మేనేజర్’ అన్నారు. అంటే పేరు ప్రోగ్రామ్, పని చాలావరకు ప్రోడక్ట్. అమెజాన్, గూగుల్‌లలో ‘టెక్నికల్ ప్రోగ్రామ్ మేనేజర్’ అంటే అచ్చంగా పలు ఇంజినీరింగ్ టీములను కలిపి నడపడం. ఇంటర్వ్యూలో సిస్టమ్ డిజైన్ కూడా అడుగుతారు. విదేశీ సంస్థలు హైదరాబాద్‌లో నడిపే సొంత సెంటర్లలో ‘ప్రోడక్ట్ ఓనర్’ పోస్టులు ఎక్కువ. వాటిలో కొన్ని నిజమైన ప్రోడక్ట్ పనులు. మరికొన్నింటిలో ఏం చెయ్యాలో అమెరికాలో ఉన్న ప్రోడక్ట్ మేనేజర్ నిర్ణయిస్తే, ఇక్కడివాళ్లు దాన్ని యూజర్ స్టోరీలుగా, అంటే వాడేవాళ్ల వైపు నుంచి చెప్పే చిన్న చిన్న పనులుగా, రాసి టీమ్‌కు ఇస్తారు. స్క్రమ్ గైడ్ ప్రకారం ప్రోడక్ట్ ఓనర్ ఒక్క మనిషి, బ్యాక్‌లాగ్ వరుసపై తుది మాట ఆ మనిషిదే. ఆ మాట ఇక్కడ చెల్లుతుందా లేదా అన్నదే అడగాల్సిన ప్రశ్న. మొదటి మెట్టుగా రెండో రకం పోస్టు కూడా చెడ్డది కాదు. తెలిసి చేరండి, అంతే.

అందుకే జేడీలో (ఉద్యోగ వివరణలో) హోదా పేరు వదిలేసి క్రియలు చదవండి. ‘ప్రాధాన్యం నిర్ణయించాలి, కస్టమర్లతో మాట్లాడాలి, మెట్రిక్‌ను (ఫలితాన్ని కొలిచే అంకెను) పెంచాలి’ అని ఉంటే ప్రోడక్ట్. ‘షెడ్యూలు, బడ్జెట్, రిస్కులు, స్కోప్ చూడాలి’ అంటే ప్రాజెక్ట్. ‘పలు టీములను కలపాలి, ఎస్కలేషన్లు (పైవాళ్ల దాకా వెళ్లిన చిక్కులు) తీర్చాలి, గవర్నెన్స్ (సమీక్షలు, నిర్ణయాల ఏర్పాటు) నడపాలి’ అంటే ప్రోగ్రామ్. మూడూ కలిపి రాసి ఉంటే ఆ కంపెనీకే తనకేం కావాలో తేలలేదని అర్థం. అలాంటి చోట మొదటి ఏడాది మీరు అన్నీ చేస్తారు, దేనికీ పేరు రాదు.

మీ సంగతికి వస్తాను. స్క్రమ్ మాస్టర్ అనుభవం పనికొస్తుంది, కానీ ఆ ఒక్క హోదా మీద కెరీర్ కట్టకండి. 2023 జనవరిలో అమెరికాలో క్యాపిటల్ వన్ బ్యాంకు అజైల్ (స్క్రమ్ లాంటి పద్ధతులు చూసే) విభాగంలో వెయ్యికి పైగా ఉద్యోగాలను రద్దు చేసి, ఆ పనిని ఇంజినీరింగ్, ప్రోడక్ట్ టీముల్లోనే కలిపేసింది. మీ అసలు ఆస్తి మరోటి: ఆరేళ్ల క్లెయిముల జ్ఞానం. ఆసుపత్రి నుంచి 837 ఫైల్‌గా (అమెరికాలో క్లెయిమ్ పంపే ఫైల్ రకం) వచ్చిన క్లెయిమ్ ఏయే కారణాలతో ఆగుతుందో, చెల్లింపు వివరం పంపే 835 ఫైల్‌లో ఆ వివరం ఎందుకు తేడా పడుతుందో మీకు పని అనుభవంతో తెలుసు. బయటినుంచి వచ్చిన ఎంబీఏ పట్టభద్రుడికి ఇది అర్థం కావడానికి నెలలు పడుతుంది. కాబట్టి మీరు వెతకాల్సింది ‘ఏదో ఒక యాప్‌లో ప్రోడక్ట్ మేనేజర్’ ఉద్యోగం కాదు, ఆరోగ్య బీమా రంగంలోనే బిజినెస్ అనలిస్ట్ లేదా ప్రోడక్ట్ ఓనర్ ఉద్యోగం. అక్కడ ఒకటిన్నర, రెండేళ్లు గట్టిగా పనిచేస్తే ప్రోడక్ట్ మేనేజర్ పోస్టుకు మాట్లాడే సరుకు వస్తుంది. మారేటప్పుడు హైక్ తక్కువ రావచ్చు, ఒక మెట్టు కింద గ్రేడ్ ఇవ్వచ్చు. దానికి ఇంట్లో వాళ్లను కూడా ముందే సిద్ధం చెయ్యండి.

వచ్చే ఆరు నెలల్లో ఉన్న చోటే ఈ పని చెయ్యండి. గత రెండు మూడు రిలీజుల డిఫెక్టులన్నీ ముందేసుకుని, కోడ్ తప్పు వల్ల వచ్చినవి ఒక పక్క, రిక్వైర్‌మెంట్‌నే తప్పుగా లేదా సగంగా అర్థం చేసుకోవడం వల్ల వచ్చినవి మరో పక్క పెట్టండి. రెండో కుప్ప ప్రోడక్ట్ పనికి గని. అందులో పదేపదే కనిపించే ఒక్క సమస్యను తీసుకోండి. తర్వాత క్లయింట్ ఆపరేషన్స్ వాళ్ల కాల్స్‌లో ఐదారింటికైనా కూర్చునే అవకాశం మేనేజర్‌ను అడిగి తీసుకోండి. వాళ్లు సిస్టమ్‌ను వదిలి పక్కన ఎక్సెల్ షీట్ ఎక్కడ తెరుస్తున్నారో గమనించండి. ఎక్సెల్ తెరిచిన ప్రతిచోటా ప్రోడక్ట్‌లో ఒక ఖాళీ ఉంటుంది.

ఆపైన రెండు పేజీల నోట్ రాయండి. ఇబ్బంది ఎవరిది, రోజుకు ఎన్నిసార్లు, ఎంత ఖర్చు. ఉదాహరణకు రోజుకు 40 క్లెయిములు మనిషి చేతికి వస్తున్నాయి, ఒక్కోదానికి 12 నిమిషాలు అనుకుంటే 480 నిమిషాలు, అంటే ఒక ఉద్యోగి పూర్తి 8 గంటల రోజు. తర్వాత మూడు మార్గాలు రాయండి, అందులో ఒకటి ‘ఏమీ చెయ్యకపోతే ఏమవుతుంది’ అన్నది తప్పక ఉండాలి. ఏది ఎంచుకున్నారు, ఎందుకు. విజయాన్ని కొలిచే అంకె ఏది: మనిషి చెయ్యి పడకుండా తేలే క్లెయిముల శాతం లాంటిది. దానికి కాపలాగా మరో అంకె ఏది: తప్పుగా చెల్లించి మళ్లీ సరిచెయ్యాల్సి వచ్చిన క్లెయిములు. కాపలా అంకె లేకుండా మొదటిదాన్ని పెంచడం చాలా తేలిక, అన్నింటినీ పాస్ చేసేస్తే సరి. నష్టం మూడు నెలల తర్వాత బయటపడుతుంది. చివరగా, ఈ విడతలో ఏమేం చెయ్యబోమో కూడా రాయండి. కొత్తవాళ్ల నోట్లలో తరచూ లేనిది ఈ భాగమే.

ఆ నోట్‌ను బిజినెస్ అనలిస్ట్‌కు, ఆన్‌సైట్ వాళ్లకు చూపించి తిట్లు తినండి, దిద్దండి. చిన్న మాడ్యూల్ బ్యాక్‌లాగ్ ఒకటి మీ చేతికి ఇమ్మని అడగడానికి అప్పుడు ఆధారం ఉంటుంది. ఇంటర్వ్యూల్లో చెప్పుకోవడానికీ ఇదే సరుకు. ఒక్క జాగ్రత్త: క్లయింట్ పేరు, రోగుల వివరాలు, స్క్రీన్ షాట్లు, అసలు అంకెలు బయటికి రాకూడదు. కంపెనీ ల్యాప్‌టాప్ నుంచి నోట్‌ను సొంత మెయిల్‌కు పంపుకోవద్దు. ఉద్యోగం పోవడానికి అది చాలు. సమస్య తీరును మాత్రం మళ్లీ మొదటినుంచి, ఊహా అంకెలతో రాసుకోండి.

పీఎంపీ విషయంలో మీ మేనేజర్ సలహా చెడ్డది కాదు, సమయం మాత్రం ఇది కాదు. డిగ్రీ ఉన్నవాళ్లు 36 నెలలు ప్రాజెక్టులను నడిపించి ఉండాలి, 35 గంటల శిక్షణ చూపాలి. టీమ్‌లో పనిచెయ్యడం, నడిపించడం ఒకటి కాదు. ఒకే నెలలో రెండు ప్రాజెక్టులు చూసినా ఆ నెల ఒక్కసారే లెక్క. మీ స్క్రమ్ మాస్టర్ కాలం 18 నెలలే. అంతకుముందు టెస్ట్ లీడ్‌గా ప్రణాళిక, మనుషులు, డెలివరీ మీరే చూసి ఉంటే ఆ నెలలు కలపచ్చు, లేకపోతే వద్దు. దరఖాస్తులను ఆడిట్‌కు ఎంపిక చేసినప్పుడు పాత మేనేజర్ల ధ్రువీకరణ అడుగుతారు. పాసయ్యాక కూడా ప్రతి మూడేళ్లకు 60 పీడీయూలు (వృత్తిలో నేర్చుకుంటూ ఉన్నారని చూపే యూనిట్లు) పూర్తి చెయ్యాలి. రేపు ప్రాజెక్ట్ లేదా ప్రోగ్రామ్ వైపే స్థిరపడాలనిపిస్తే అప్పుడు రాయండి, ఆ వైపున దానికి విలువ ఉంది. ప్రోడక్ట్ ఇంటర్వ్యూలో మాత్రం దాన్ని ఎవరూ పట్టించుకోరు. స్క్రమ్ సర్టిఫికెట్ ఏదైనా ఉండాలనిపిస్తే పీఎస్ఎం-1 (స్క్రమ్ మాస్టర్ల మొదటి స్థాయి పరీక్ష) చాలు. కోర్సు తప్పనిసరి కాదు, గంటలో 80 ప్రశ్నలు, 85 శాతం రావాలి, రెన్యూవల్ లేదు.

రెండున్నర లక్షల కోర్సు వద్దు. వాళ్లు నేర్పే పదజాలం మీకు నాలుగు వారాంతాల్లో వస్తుంది. మీకు లేనిది పదజాలం కాదు, నిర్ణయం తీసుకుని దాని ఫలితం చూసిన అనుభవం, అది ఏ కోర్సులోనూ దొరకదు. ఇంకా మనసు లాగుతుంటే సంతకానికి ముందు రెండు చూడండి. ‘ప్లేస్‌మెంట్ సహాయం’ అంటే ఉద్యోగం కాదు. ‘సులభ వాయిదాలు’ అంటే చాలాసార్లు మీ పేరు మీద ఒక ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే అప్పు, కోర్సు మధ్యలో మానేసినా ఈఎంఐ ఆగకపోవచ్చు. అప్పు పత్రంలో రద్దు నిబంధన చదవకుండా ఓటీపీ చెప్పొద్దు.

ఆ రిక్రూటర్‌కు తిరిగి ఫోన్ చెయ్యండి, మూడే ప్రశ్నలు అడగండి. ఈ పోస్టులో ఉన్నవాళ్లు ఎన్ని టీములతో పనిచేస్తారు? ఏం కట్టాలో నిర్ణయించేది ఎవరు, వాళ్లు ఏ ఊర్లో ఉంటారు? ఏడాది తర్వాత వీళ్ల పనితీరును ఏ అంకెతో చూస్తారు? ఒకే టీమ్, నిర్ణయం వేరేవాళ్లది, కొలత ‘డెలివరీ తేదీలు’ అని జవాబొస్తే అది ప్రోగ్రామ్ పేరు తగిలించిన ప్రాజెక్ట్ ఉద్యోగం, మీకు విసుగు అన్న పనే రోజంతా. నిర్ణయం ఇక్కడే, రంగం ఆరోగ్య బీమానే అయితే, పేరు ప్రోగ్రామ్ మేనేజర్ అయినా సరే ఇంటర్వ్యూకు వెళ్లండి.